రాయి మీదే, పని నాది

మా అత్తయ్యంత పిరికి మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు. వీధి చివరిదాకా వెళ్లి, గ్యాస్ కట్టేశానా లేదా అని వెనక్కి వచ్చేది. లిఫ్టు ఎక్కేది కాదు. ఫోన్ మోగితే ముందు ఉలిక్కిపడి, ఆ తర్వాత ఎత్తేది. అలాంటి మనిషి బతుకంతా మంట పక్కనే గడిచింది. నగల కొట్టు వెనక గదిలో కూర్చుని ఉంగరాల్లో రాళ్లు పొదగడం ఆమె పని. మేనకోడల్ని కాబట్టి నన్నూ అక్కడే చేర్పించింది. పక్క బల్ల దగ్గర చక్రం మీద నగలకు మెరుగు పెట్టేదాన్ని. ఆ భయమంతా రోజూ నా కళ్లముందే ఉండేది, అప్పుడప్పుడూ నాకు ఒళ్లు మండేది కూడా.

వీధిలో ఆమెను ఆగమ్మ అనేవాళ్లు. ఎవరు రాయి తెచ్చినా "ఆగమ్మా, ఒక్క నిమిషం" అని మొదలుపెట్టేది. ఎక్కడ కొన్నారు, అమ్మినవాళ్లు ఏం చెప్పారు, రంగు తేలడానికి వేడి పెట్టారా, నూనె పట్టించారా, పగుళ్లలో ఏమైనా నింపారా... ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు కూడా అన్ని ఆరాలు తీయరు. వచ్చినవాళ్లు విసుక్కునేవాళ్లు. అత్తయ్య తల వంచుకుని, "రాయి నోరు విప్పి చెప్పదు కదమ్మా, మీరే చెప్పాలి" అనేది.

నేను చేరిన కొత్తలో ఒక పచ్చను నా అరచేతిలో పెట్టి చెప్పిన మాటలు ఇప్పటికీ గుర్తున్నాయి.

"దీనికి లోపల పగుళ్లుంటాయి. కనబడకుండా నూనె పట్టిస్తారు. అదేం తప్పు కాదు, అందరూ చేసేదే. కానీ చెప్పకుండా అమ్మారనుకో, నువ్వు తెలియక కడిగే మెషిన్లో పడేస్తావు. నూనె కారిపోయి పగుళ్లన్నీ బయటపడతాయి. అప్పుడు రాయి పాడుచేసిందెవరు?"

"చెప్పకుండా అమ్మినవాడు" అన్నాను.

"కాదే పిచ్చిదానా, నువ్వే. ఆఖరున ఎవరి చేతిలో ఉంటే వాళ్లే."

కెంపుల సంగతి కూడా అప్పుడే చెప్పింది. కెంపుకు వేడి పెట్టి రంగు తేల్చడం మామూలే. అలాంటి రాయి ఉంగరంలో ఉండగానే జాగ్రత్తగా మంట చూపించి పని చేసుకోవచ్చు. అదే నిండా పగుళ్లున్న కెంపులో గాజు కరిగించి పోసి ఉంటే, పైకి నిగనిగలాడుతుంది కానీ మంట తగిలిందంటే లోపలి గాజు ఉడికి రాయి చితికిపోతుంది. భూతద్దం కింద అటూ ఇటూ వంచి చూస్తే ఆ గాజు నీలంగా తళుక్కుమంటుందట. ఆ తళుకు కనబడితే మంట దగ్గరికే పోవద్దంది.

మా కొట్టులో ఒక ఆనవాయితీ ఉండేది. బాగుచేసిన నగను కౌంటర్ దగ్గరివాళ్లు ఇవ్వరు. పని చేసినవాళ్లే ముందు గదిలోకి వచ్చి, వస్తువును వాళ్ల అరచేతిలో పెట్టి, "రాయి మీదే, పని నాది" అనాలి. మీ రాయిని మార్చలేదు, పనిలో లోపముంటే నన్నడగండి అని దాని అర్థం. యజమాని గారి నాన్నగారు పెట్టిన పద్ధతట. ముందు గదికి రావడమంటేనే అత్తయ్యకు దడ. చేతులు ఒకటికి రెండుసార్లు తుడుచుకుని, బడిలో పాఠం అప్పజెప్పే పిల్లలా ఆ మాట గబగబా అనేసి లోపలికి పారిపోయేది.

ఇంకో అలవాటు కూడా ఉండేది. బయటి రాళ్లను ఎంతైనా పరీక్షించవచ్చు. మా కొట్టులో అమ్మినవి మాత్రం నేరుగా బల్ల మీదికి రావాల్సిందే. మన రాయిని మనమే అనుమానిస్తే యజమానిని అవమానించినట్టు లెక్క.

ఆరోజు వచ్చినావిడ స్కూలు బస్సు నడుపుతుంది. పెద్ద జబ్బు నుంచి లేచాక తనకోసం తాను కొనుక్కున్న ఒకే ఒక్క వస్తువు ఆ కెంపుటుంగరం. స్టీరింగుకు తగిలి తగిలి, రాయిని పట్టుకునే కొక్కెం ఒకటి అరిగిపోయింది. దాని మీద కాస్త బంగారం కరిగించి సరిచేయాలి. "ఇక్కడ కొన్నదే అక్కా" అంది. ఆ సంగతి అత్తయ్యకూ తెలుసు. ఆవిడ కొన్నరోజున అత్తయ్య ఇంకెవరికో నగ ఇవ్వడానికి ముందు గదిలోనే ఉంది. "వేడి పెట్టిన కెంపు, అంతకుమించి ఏ మాయా లేదు" అని యజమాని గారు చెప్పడం తన చెవులతో విన్నది.

అందుకే ఆగమ్మ ఆరోజు ఆగలేదు.

మంట తాకిన కాసేపటికి టిక్కుమని చిన్న చప్పుడైంది. నా చక్రం హోరులో కూడా అది వినబడింది. తల తిప్పి చూశాను. అత్తయ్య మంట ఆర్పేసి ఉంగరాన్ని కళ్ల దగ్గర పెట్టుకుంది. ఎర్రటి రాయి నిండా సాలెగూడు అల్లినట్టు తెల్లటి గీతలు. అంచున గాజు ఉబ్బి, బుడగ కట్టి ఉంది. ఆమె ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"ఎవరికైనా చెబుదామా అత్తా" అన్నాను. ఏదో ఒకటి అనాలి కదా అని అన్నదే.

"నా పని అయిపోయిందే" అంది.

ఆ భయం ఉత్తుత్తిది కాదు. మామయ్య మోకాళ్లు పట్టేసి మంచం మీద ఉన్నాడు. వాళ్లిల్లు నడిచేది ఆ బల్ల మీదే. రాళ్లు పొదిగేవాళ్లకు ఉన్నదల్లా పేరే. ఫలానామె రాయి పాడుచేసిందట అన్న మాట వీధిలో పాకిందంటే ఏ కొట్టువాళ్లూ గుమ్మం తొక్కనివ్వరు.

ఇంతలో యజమాని గారే లోపలికి వచ్చి చూశారు. కేకలేస్తారనుకున్నాను. వేయలేదు. మెల్లగా తలుపు దగ్గరికి వేసి, జేబులోంచి చిన్న డబ్బా తీసి, అదే సైజు కెంపును బల్ల మీద పెట్టారు. వెతుక్కోకుండా, అంత తొందరగా.

"కంగారు పడకమ్మా. నువ్వేం చేశావో నేనెవరికీ చెప్పను. ఇది పొదిగి సాయంత్రం ఇచ్చెయ్. ఆ ముక్కలు పారెయ్" అన్నారు.

కేకలకన్నా ఆ మెత్తటి గొంతుకే నాకు ఎక్కువ భయమేసింది. అత్తయ్య భూతద్దం కింద కొత్త రాయిని అటూ ఇటూ వంచింది. ఆమె వేళ్లు ఆగిపోవడం చూశాను.

"ఇందులోనూ గాజేనండీ" అంది.

"అందంగా ఉందా లేదా?"

"మీకు ముందే తెలుసా అండీ?"

"ఆవిడ వేలికి ఎర్రగా కనిపిస్తే చాలు కదమ్మా."

"రేపు ఇంకో కొట్టులో మంట పెడితే..."

"అప్పుడు పాడుచేసింది వాళ్లవుతారు. నువ్వు చెప్పేదే కదా, ఆఖరున ఎవరి చేతిలో ఉంటే వాళ్లే" అని నవ్వుతూ వెళ్లిపోయారు.

సాయంత్రంలోగా అత్తయ్య ఆ కొత్త రాయి పొదిగింది. నేను మెరుగు పెట్టాను. చూస్తే ఏ తేడా లేదు, ఇంకాస్త ఎర్రగానే ఉంది. ఏమీ జరగనట్టు ఇచ్చేస్తే అందరం గట్టెక్కుతాం అని నా మనసు అంటోంది. అలా అనుకున్నందుకు నామీద నాకే చిరాకు. ఆమె మాత్రం మంచినీళ్లు తాగుతూ, లేస్తూ, కూర్చుంటూ, ఎవరి అడుగుల చప్పుడు వినబడినా అదిరిపడుతూ ఉంది.

బస్సావిడ వచ్చింది. యజమాని గారు కౌంటర్ వెనక నిలబడి "రామ్మా" అని అత్తయ్యను పిలిచారు. అత్తయ్య వెనకాలే నేనూ వెళ్లాను, పడిపోతుందేమోనని. ఉంగరాన్ని ఆవిడ అరచేతిలో పెట్టింది. పెదాలు కదిలాయి.

"పని నాది" అంది.

బస్సావిడ నవ్వింది. "ముందు మాట మింగేశావేంటక్కా? రాయి మీదే అనాలిగా."

యజమాని గారు దగ్గారు. అత్తయ్య గోడకున్న గడియారం వైపు చూసింది, తలుపు వైపు చూసింది, నావైపు చూసింది. ఆ చూపులో ఉన్నంత భయం నేను మళ్లీ ఎవరి కళ్లలోనూ చూడలేదు. నన్నడిగితే ఆ క్షణాన వద్దనే అనేదాన్ని. ఆమె అడగలేదు.

"ఆగమ్మా, ఒక్క నిమిషం" అంది.

నడుముకు కట్టుకున్న పని గుడ్డ జేబులోంచి చిన్న కాగితం పొట్లం తీసింది. పారేయమన్న రాయి. మడత ఊడి రాకపోతే, పొట్లం విప్పడానికి నేనూ సాయం చేశాను. ఆవిడ చేతిలోంచి ఉంగరం తీసుకుని కౌంటర్ మీద పెట్టి, ఖాళీ అయిన అరచేతిలో ఆ చితికిన కెంపును పెట్టింది.

"రాయి మీదే" అంది. "పని నాది."

తర్వాత గాజు సంగతంతా చెప్పింది. తడబడుతూ, చెప్పిందే మళ్లీ చెబుతూ. ఉంగరంలో ఉన్న కొత్త రాయి కూడా అలాంటిదేనని చెప్పింది. చూడకుండా మంట పెట్టడం తన తప్పేనని రెండుసార్లు చెప్పింది. బస్సావిడ అరచేతిలోని రాయిని వేలితో ఒకసారి కదిపి, తలెత్తింది.

"అమ్మేటప్పుడు మీకు తెలుసా అండీ?" అని యజమాని గారినడిగింది.

ఆయన అత్తయ్య వైపు తిరిగి, అదే మెత్తటి గొంతుతో, "బల్ల ఖాళీ చెయ్యమ్మా" అన్నారు.

అత్తయ్య తన పట్టకార్లు, భూతద్దం సంచిలో వేసుకుంది. నేనూ నా పని గుడ్డ విప్పి కొక్కేనికి తగిలించాను. ఇద్దరం వీధిలో పడ్డాం. ఆమె నా చేతిని గట్టిగా పట్టుకుని, మామయ్యకు ఏం చెప్పాలే, ఏం చెప్పాలే అంటూ నడిచింది. వీధి చివర అలవాటుగా టక్కున ఆగిపోయి, వెనక్కి తిరిగింది.

"మంట ఆర్పానంటావా?"

"ఆర్పావత్తా. నేను చూశాను."

రెండడుగులు కొట్టు వైపు వేసింది. అప్పుడు గుర్తొచ్చినట్టుంది, అక్కడే నిలబడిపోయింది.