జారనివ్వని అత్తగారు

అత్తగారు ఆఖరిసారి చేసిన పని సబ్బుపెట్టె అడుగున గరుకు కాగితం అంటించడం. తర్వాత నడుం వాల్చారు, మళ్లీ లేవలేదు. కొందరికి దెయ్యమంటే భయం, కొందరికి బల్లంటే భయం. ఆవిడకు జారడమంటే పగ.

ముందుగదిలో అత్తాకోడళ్లు బొంతలు కుట్టి అమ్మేవారు. కొలిచే స్కేలు వెనక గరుకు కాగితం, మెషిన్ పెడల్ కింద రబ్బరు చాప, కత్తెర పిడికి సైకిల్ ట్యూబు ముక్క. జారుడు గుడ్డ గంజి తాగనిదే బల్ల ఎక్కేది కాదు. అంతటితో ఊరుకున్నారా? గరిటెకు, చెంబుకు, తలుపు గడియకు కూడా తొడుగులు వేశారు. ఒకరోజు కొడుకు స్టూలు మీంచి లేస్తే ప్యాంటులో కొంత స్టూలుకే ఉండిపోయింది.

"ఈ ఇంట్లో మనుషులు కూర్చోవద్దా అమ్మా?"

"జారిపడ్డావా? లేదు కదా. ప్యాంటుదేముందిరా, అతుకు వేస్తాను."

ఇదంతా కోడలు మెట్ల మీద పడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్న ఏడాది మొదలైంది. ఎముక అతుక్కుంది గానీ వేళ్లకు పట్టు రాలేదు. ముక్కలు కోసేటప్పుడు స్కేలు గోరంత జరిగినా చివరి వరసలో మూలలు కలవవు. ఇక కత్తెర వదిలేయాలేమోనని కోడలు లోలోపల కుమిలిపోతుంటే, అత్తగారు తన వేళ్లు ముందేసుకుని కూర్చున్నారు.

"నా చేతులు పాడైపోయాయే అమ్మాయ్. ఏది పట్టుకున్నా జారిపోతోంది. నాకోసం కాస్త ఓర్చుకో."

బొంతలు కొనడానికి వచ్చినవాళ్లు, "మీ కోడలి చెయ్యి ఎలా ఉంది?" అంటే చాలు, "దానికేం, రాయిలా ఉంది. కోతంతా దానిదే. నా చేతులే చచ్చుబడ్డాయి," అని రాగం ఎత్తుకునేవారు. కోడలికి ఒళ్లు మండిపోయేది. విరిగింది తన చెయ్యి, ఓదార్పులు ఆవిడకు.

అందుకే మనిషి పోయాక కోడలు ముందుగా ఆ కాగితాలన్నీ గీకి పారేసింది. నున్నటి స్కేలు గుడ్డ మీద పెట్టి కోసింది. స్కేలు ఒక దారి, గుడ్డ ఒక దారి. రెండో ముక్కా అంతే. మూడోది కోయలేదు. అలాగే నిలబడి ఉండగా వీధి చివరి టైలరు పలకరించడానికి వచ్చాడు.

"చూడండి అన్నయ్యా," అంది కోడలు విసుగ్గా, కింద పడున్న చెత్త చూపిస్తూ. "చేతులు పాడయ్యాయని ఇల్లంతా ఎలా చేశారో."

"ఎవరి చేతులమ్మా?"

"ఆవిడవే."

టైలరు ఆమె ముఖంలోకి చూశాడు.

"పోయిన వారం కూడా నా కొట్లో సిల్కు కోసిచ్చారే. గాజుబల్ల మీద, ఉత్త స్కేలుతో. మా దగ్గర సిల్కు ఇంకెవరి చేతిలోనూ నిలవదు. ఇంటికి పంపిస్తాను, అక్కడే కోద్దురు గానీ అంటే వద్దన్నారు. 'ఆ ఇంట్లో నా చేతులు పనిచెయ్యకూడదయ్యా' అన్నారు."