సరుగుడు తోటలో సారు డబ్బా

మా ఇంటి సారు పోయారన్న కబురు నాకు విజయవాడ బస్టాండులో తెలిసింది. సూర్యాపేట బస్సు కోసం నిలబడి ఉన్నాను. ఫోనులో అమ్మ, అంటే సారు భార్య, ఒకే ఒక్క మాట అంది. "సారు పోయిండు బిడ్డా." నా చేతిసంచిలో సారు డబ్బాలోంచి తీసిన గుప్పెడు బియ్యం ఉంది. ఆయన ఏళ్ల తరబడి ఎదురుచూసిన మాట నా నోట్లో ఉంది. ఇంకొక్క పూట ఆగి ఉంటే ఆయనకు చెప్పేదాన్ని.

నేను వాళ్లకు చుట్టాన్ని కాను. సూర్యాపేటలో వాళ్ల ఇంటి మేడమీద కిరాయికి ఉండేదాన్ని. రెండువేల రెండులో దిగాను, ఇప్పటికీ అక్కడే ఉన్నాను. కింద రోడ్డు వైపు గదిలో ఇంటర్నెట్ సెంటరు పెట్టుకున్నాను. సారు సర్కారు బడుల్లో సోషల్ చెప్పి, కోదాడలో రిటైరై వచ్చారు. పిల్లలు లేరు. సాయంత్రమైతే లుంగీ మీద చొక్కా తొడుక్కుని మూల కంప్యూటరు దగ్గర కూర్చునేవారు. ఆయన అడిగేవారు, నేను టైపు కొట్టేదాన్ని. ఏ దేశంలో ఏ నది ఎటు పారుతుందో ఆయనకు ముందే తెలుసు. తెలిసినదాన్నే మళ్లీ బొమ్మలతో చూసి మురిసిపోయేవారు.

అట్లాంటి ఒక సాయంత్రం ఒక ఆట గురించి కనబడింది. ఎక్కడో సముద్రం ఒడ్డున, పొదల మధ్య కాలిబాట వెంట నడుస్తూ ఒకరు ఒక డబ్బా దాస్తారు. దాని అక్షాంశం, రేఖాంశం నెట్‌లో పెడతారు. ముక్కూమొహం తెలియని ఇంకెవరో చేతి యంత్రం పట్టుకుని వెతుక్కుంటూ వస్తారు. దొరికితే అందులోని కాగితం మీద పేరు రాసి, ఒక వస్తువు తీసుకుని ఒక వస్తువు పెట్టి, డబ్బాను ఉన్నచోటే ఉంచి పోతారు. అంతే ఆట. సారు బల్ల మీద చరిచి నవ్వారు.

"జీవితమంతా పోరగాండ్లకు అక్షాంశాలు, రేఖాంశాలు చెప్పిన. ఒక్కడన్న 'ఇవి ఎందుకు సార్' అని అడగకపాయె. అడిగితే నాకు గూడ జవాబు రాకపోతుండె. ఇగో, గిందుకు!"

సర్వే పనిలో ఉన్న పాత శిష్యుడొకడు తాను వాడేసి పక్కన పెట్టిన జీపీఎస్ యంత్రం ఒకటి ఇచ్చాడు. సారు మొదటి డబ్బా మా ఊరి బయట గుట్ట మీద దాచారు. వారం తిరక్కుండానే గొర్ల కాపరి ఒకాయన దాన్ని పట్టుకుని ఇంటికి వచ్చాడు. "సారూ, గుట్ట మీద టిఫిన్ డబ్బ మర్చిపోయిండ్రు. నేను సూడకపోతే ఎవడన్న ఎత్తుకపోతుండె" అన్నాడు. సారు ఆయనకు చాయ్ తాగించి పంపారు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. మా దగ్గర వస్తువు దాస్తే నిలవదనీ, ఎత్తుకెళ్లేవాళ్ల కంటే తెచ్చిచ్చేవాళ్లతోనే ఆటకు ప్రమాదమనీ సారుకు అర్థమైంది.

అందుకే సముద్రం దాకా పోయారు. ఎన్నో ఏళ్లు తీరరేఖలు, అఖాతాలు చెప్పిన మనిషి రిటైరయ్యేదాకా సముద్రాన్ని చూడలేదట. రెండువేల ఆరు జనవరిలో ముగ్గురం బయలుదేరాం. కోదాడలో బస్సు మారేటప్పుడు చాయ్ తాగుతూ, "కోదాడ దాటినంక మీరిద్దరు జర తక్కువ మాట్లాడుండ్రి, మన భాషకు కిరాయి ఎక్కువ అడుగుతరు" అని ఏడిపించారు. బాపట్లలో దిగి సూర్యలంక చేరి, అక్కడి నుంచి ఒడ్డు వెంట నడక. జనం తగ్గాక బాట సరుగుడు తోటలోకి మళ్లుతుంది. కింద రాలిన మెత్తటి ఆకు, పక్కన మొగలి పొదలు, సందుల్లోంచి సముద్రం. తోట చివర చేపలు పట్టేవాళ్ల గుడిసెలు కొన్ని ఉంటాయి.

సారుకు కుడి చెవి వినబడదు. చిన్నప్పుడు ఈతబావిలోకి దూకి పోగొట్టుకున్నారు. ఆ నడకలో వెళ్లేటప్పుడు సముద్రం కుడిపక్కన ఉంటుంది. నేను మరిచిపోయి అటువైపు నడుస్తూ ఏదో చెబుతుంటే ఆగి, నా భుజం పట్టుకుని ఇవతలికి తిప్పారు.

"సముద్రం ఎట్లయినా ఇనబడతది. మనుషులే ఎడమ దిక్కు నడవాలె."

తరువాత ఏ ఏడాది వెళ్లినా నేనూ అమ్మా ఆయనకు ఎడమపక్కనే నడిచాం.

డబ్బా అమ్మది. ఎర్రమూత ఉన్న ఆవకాయ డబ్బా. ఎన్నిసార్లు కడిగినా ఆవవాసన పోలేదు. అందులో పేర్లు రాయడానికి కాగితం, పెన్సిలు, మార్చుకోవడానికి గోలీలు, ఒక విజిలు, అమ్మ పెట్టిన జడక్లిప్పు, బడిలో గెలిచిన పిల్లలకు ఇచ్చే పతకం బిళ్ల వేశారు. చెమ్మ పట్టకుండా అడుగున బియ్యం పోశారు. అవి మిర్యాలగూడలో మిల్లు నుంచి ఆయన స్వయంగా తెచ్చుకునే సన్నబియ్యం. ఒక తాటిమొద్దు మొదట్లో గుంట తీసి డబ్బా పెట్టి, పైన ఆకులు కప్పారు. యంత్రం చూపిన అంకెలను నా చేత రెండుసార్లు చదివించుకున్నారు.

ఆ అంకెలు నెట్‌లో పెట్టిన రోజు నుంచి ఆయన రోజూ ఒకటే అడిగేవారు.

"ఎవరన్న రాసిండ్రా?"

"లేదు సార్."

ఆ ఆట మన వైపు ఆడేవాళ్లే అరుదు. ఆడేవాళ్లు కూడా ఊళ్లు చూడటానికి వచ్చినచోట వెతుకుతారు గానీ, ఆ తోటలోకి ఎవరు పోతారు? ఆయన మొహం చూడలేక ఒకసారి, మా తమ్ముణ్ణి పంపి పేరు రాయిస్తానన్నాను. ఎన్నడూ గట్టిగా మాట్లాడని మనిషికి కోపం వచ్చింది.

"ఆటల తొండి చేస్తవా? దాచినోడు ఎదురుసూడాలె. అది గూడ ఆటనే."

ఏటా జనవరిలో వెళ్లి డబ్బా తీసి చూసేవాళ్లం. కాగితం తెల్లగానే ఉండేది. గోలీలు, విజిలు, క్లిప్పు ఎక్కడివక్కడే. ఉప్పుగాలికి కళ్లద్దాలు మసకబారితే సారు వాటిని తీసి తువ్వాలతో తుడుచుకునేవారు, ఆ చేత్తోనే కళ్లు కూడా. తరువాత బియ్యం చూసేవారు. సముద్రపు గాలిలో ఏడాదిపాటు ఉన్నా పురుగు లేదు, ముక్కిన వాసన లేదు. దిగులంతా అక్కడ మర్చిపోయేవారు. "మిర్యాలగూడ బియ్యమంటే మజాకా!" అని పిడికిట్లోకి తీసుకుని మాకు చూపించేవారు. అమ్మ ఒక ఏడాది ఆ గింజ పట్టుకుని చూసి, "ఇవి మన బియ్యం లెక్క లేవు, లావున్నయి" అంది. "ఉప్పుగాలికి ఉబ్బినయి" అని కొట్టిపారేశారు సారు. సోషల్ చెప్పిన మనిషితో సైన్సు వాదన ఎందుకని అమ్మ ఊరుకుంది.

నిరుటి వానాకాలం నుంచి సారుకు ఊపిరి అందడం తగ్గింది. దవాఖానలో కొన్నాళ్లు ఉంచి ఇంటికి పంపారు. జనవరి వెళ్లిపోతుంటే మంచం పక్కకు నన్ను పిలిచి యంత్రం చేతిలో పెట్టారు. మాట మాటకూ ఆగుతూ చెప్పారు. "ఈసారి నువ్వు పోయి సూసి రా. బియ్యం మార్చు. పాతయి పారెయ్యకు, పట్టుకరా. పురుగు పట్టిందో లేదో సూడాలె." సంచిలో కొత్త బియ్యం అమ్మే పోసి ఇచ్చింది.

ఒక్కదాన్నే వెళ్లాను. తాటిమొద్దు దగ్గర ఆకులు తీస్తే గుంట ఖాళీగా ఉంది. చుట్టూ చేతులతో తవ్వాను. లేదు. ఈ మాట ఆయనకు ఎట్లా చెప్పాలో తెలియక ఇసుకలో కూలబడి ఏడ్చాను.

అప్పుడు గుడిసెల వైపు నుంచి ఒక పెద్దావిడ చేతులూపుతూ వచ్చింది. "లేమ్మా, ఏడవమాక! పెట్టె మా ఇంట్లో పదిలంగా ఉంది. తుపానప్పుడు తీసి పెట్టాను. ఇక్కడింకా చెమ్మ ఆరలేదని ఉంచేశా. పెద్దాయన రాలేదేం?" అంది.

ఆమె గుడిసెలో, దేవుడి పటాల కింద, పీట మీద ఉంది మా ఆవకాయ డబ్బా. ప్రతి తుపానుకూ తీసుకెళ్లి, మళ్లీ అదే గుంటలో పెట్టేదట. బియ్యం మెత్తబడితే తీసేసి వాళ్ల ఇంటి బియ్యం పోసేదట. పిల్లలెవరైనా ముట్టుకుంటే వీపు పగలగొట్టేదట. ఎందుకమ్మా ఇదంతా అని అడిగాను.

"గోలీలు, ఈల, జడపిన్ను చూసి బిడ్డని పోగొట్టుకున్నోళ్లనుకున్నాం తల్లీ. ఏడాదికోసారి వచ్చి, మూత తీసి, కళ్లు తుడుచుకుని పోతాడాయన. ఆ బియ్యం కూడా బిడ్డ కోసమే పోశారనుకున్నాం. బిడ్డ పేరున పోసిన గింజ పురుగు పట్టకూడదు కదా. ఆయనొచ్చినప్పుడు మేం ఎదురు పడేవాళ్లం కాదు. ఏడ్చుకునేవాణ్ణి పలకరిస్తే ఏం బాగుంటది?"

ఇది ఆట అని చెప్పాను. ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "ఆటా? అంత పెద్దాయనా?" అని నవ్వింది. కాసేపటికి, "ఇంతకీ ఆయనకి పిల్లలున్నారా?" అని అడిగింది. లేరన్నాను. ఆ తరువాత నవ్వలేదు.

ఆట పద్ధతి ప్రకారం పేరు రాయమన్నాను. రాయడం రాదంది. ఆమె చెబుతుంటే నేనే ఆ తెల్లకాగితం మీద మొదటి పేరు రాశాను. ఒక వస్తువు తీసుకోమంటే ఎంతసేపటికీ చెయ్యి పెట్టలేదు. చివరికి మనవడి కోసం విజిలు తీసుకుని, వలకు కట్టే బెండు ముక్క ఒకటి డబ్బాలో వేసింది. పాత బియ్యం మూటగట్టుకుని మిర్యాలగూడ బియ్యం పోశాను. ఇద్దరం కలిసి డబ్బాను గుంటలో పెట్టి వచ్చాం.

ఒడ్డున సిగ్నలు లేదు. బాపట్లలో దొరకగానే ఫోను చేశాను. అమ్మ గుసగుసగా మాట్లాడింది. "ఇప్పుడే కన్నంటుకుంది బిడ్డా. రెండు దినాలాయె నిద్ర లేక. లేపాల్నా?"

"వద్దమ్మా. నేనే వచ్చి చెప్త."

ఆయన మొహంలో ఆ నవ్వు చూడాలనిపించింది. తాను పొగిడినవి ఆ గుడిసె వాళ్ల బియ్యమని తెలిస్తే ఎట్లా ఉడుక్కుంటారో చూడాలనిపించింది. ఆ నిద్రలోనే ఆయన వెళ్లిపోయారు.

రాత్రి బస్సు పట్టుకుని మరునాడు పొద్దున ఇల్లు చేరేసరికి అమ్మ ఆయన పక్కన కూర్చుని ఉంది. నన్ను చూసి, "నేనన్న లేపకపోతి" అంది. నేను ఆమె చేయి పట్టుకుని, డబ్బా సంగతి చెప్పబోయాను. ఆమె నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "నాకు చెప్పకు. ఎదురుసూసింది ఆయన. ముందుగాల ఆయనకు చెప్పాలె."

దింపుడు కల్లం సంగతి మీకు తెలిసిందే. స్మశానానికి పోయే దారిలో పాడె దింపి, ప్రాణం ఏ మూలనైనా ఉందేమోనని చెవిలో పిలుస్తారు. ఎవరూ లేవరు. అయినా పిలుస్తారు. మా వైపు ఆడవాళ్లు అక్కడిదాకా వెళ్లి వెనక్కి తిరుగుతారు. సారు తమ్ముడి కొడుకు వంగి "పెదనాయనా" అని మూడుసార్లు పిలిచాడు. ఇక పాడె ఎత్తబోతుంటే అమ్మ ముందుకు వచ్చింది.

"ఆగుండ్రి. ఈ పిల్ల ఒక మాట చెప్పాలె."

"బయటి మనిషి కదా..." అన్నారెవరో.

"ఇన్నేండ్లు మా నెత్తి మీద కాపురమున్నది, బయటిదెట్లయితది?" అంది అమ్మ.

పాడె పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను. "సార్" అన్నాను. మళ్లీ అనబోతుంటే భుజం మీద అమ్మ చెయ్యి పడింది.

"ఆ చెవుల కాదు బిడ్డా. ఆయనకు ఇనబడది. ఎడమ దిక్కు పో."

లేచాను. అందరూ జరిగి దారి ఇచ్చారు. పాడె చుట్టూ తిరిగి వచ్చి ఆయనకు ఎడమపక్కన కూర్చున్నాను. "సార్, దొరికింది" అన్నాను. సరుగుడు తోట నుంచి మొదలుపెట్టి, ఖాళీ గుంట, ఆ పెద్దావిడ, దేవుడి పటాల కింద డబ్బా, ఆమె బియ్యం, అన్నీ ఒక్కటొక్కటే చెప్పాను. ఎవరూ తొందరపెట్టలేదు. చెబుతూ చెబుతూ తలెత్తి చూస్తే, అమ్మ కూడా నా పక్కనే మోకాళ్ల మీద కూర్చుని, ఆయన మొహం మీదికి వంగి వింటోంది.