వెనక చక్రానికి కొత్త టైరు

మా వైపు చలికాలమంటే చలి కాదు, వాన. మిగతా ఊళ్ళవాళ్ళు స్వెట్టర్లు తీసే రోజుల్లో మాకు ముసురు పట్టుకుంటుంది. కార్తీకం మొదలు తుపాను మీద తుపాను. తిరుమల కొండ మబ్బులో మునిగి వారాల తరబడి కనిపించదు. తెల్లారేసరికి తారురోడ్డంతా నీళ్ళు, ఆ నీళ్ళ మీద లారీలు కార్చిన డీజిలు రంగురంగులుగా తేలుతుంటుంది. చూడ్డానికి బాగానే ఉంటుంది, పాడు రంగు. దాని మీద సైకిలు తొక్కేవాళ్ళకే తెలుస్తుంది.

తొంభైల చివర్లో ఆ రోడ్డు మీదే నాయన నన్ను రోజూ సైకిలు వెనక కూర్చోబెట్టుకుని రేణిగుంటకు తీసుకుపోయేవాడు. మా ఇల్లు తిరుపతి పొలిమేరలో. నాకు రేణిగుంటలో ఒక ఫ్యాక్టరీలో ప్యాకింగు పని. మొదటి షిఫ్టు వేళకు ఒకే ఒక్క బస్సు, అది మా స్టాపులో ఆగితే ఆ రోజు పండగే. నాకు సైకిలు రాదా అంటే వచ్చు. కానీ ఆ చీకట్లో లారీల మధ్య ఆడపిల్లను ఒంటరిగా పంపనని నాయన మొండికేశాడు. ఆయన దర్జీ. నన్ను గేటు దగ్గర దించి, మళ్ళీ అంత దూరమూ తొక్కుకుంటూ తిరుపతికి వచ్చి, అప్పుడు తన అంగడి తలుపు తీసేవాడు. జాకెట్లు కుట్టడంలో ఆయనకు పేరు. పెళ్ళిళ్ళ కాలంలో పాకాల నుంచి కూడా ఆడవాళ్ళు గుడ్డలు పట్టుకుని వచ్చేవాళ్ళు. మేం ముగ్గురం, అమ్మా నేనూ ఆయనా, ముఖ్యంగా బతికింది ఆ చేతి మీదే. నా జీతం చారులో ఇంగువ పాటి.

సైకిలుకు ఏం చెయ్యాలన్నా ఆయుధపూజకు ముందే చెయ్యడం మా వీధిలో అలవాటు. బొట్టు పెట్టించుకునే చక్రానికి అరిగిపోయిన టైరు ఉండకూడదంటారు. వానలూ సరిగ్గా ఆ తర్వాతే మొదలవుతాయి కాబట్టి అలవాటు మంచిదే. ఆ ఏడాది కూడా నాయన సైకిలు తోసుకుని షాపుకు బయల్దేరాడు. నేనూ వెంట పడ్డాను. ముందు టైరు పక్కల బీటలు వారి పనికిరాకుండా పోయింది. వెనకది నున్నగా అరిగి ఉంది, గీత అన్నది లేదు. రెండూ మార్చమని నేను దారి పొడుగునా ఆయన తల తిన్నాను.

షాపాయన రెండు రకాలు కిందికి దించాడు. ఒకటి సన్న గీతల మెత్తటి టైరు. ఇంకొకటి పాలవాళ్ళు క్యాన్లు కట్టే సైకిళ్ళకు వేసే లోడు టైరు, మీద లావుపాటి గుండీలు, రబ్బరు రాయిలాగా గట్టిది. నాయన రెంటినీ గోటితో గిల్లి చూసి లోడు టైరు పట్టుకున్నాడు.

"ఇదే ఎయ్యప్పా. మనిషి కూర్చునే బండి."

"అదే మంచిది," అన్నాడు షాపాయన నన్ను చూసి నవ్వుతూ. "మీ పాప అన్నం బాగానే తినే మాదిరుండాది."

"నా బరువు నీ అంగట్లో ఎప్పుడు తూచినావన్నా?" అన్నాను. నాయన నవ్వు ఆపుకున్నాడు.

కొత్తది ఎక్కడ వెయ్యాలని షాపాయన అడగను కూడా లేదు. మా వైపు సైకిలున్న ప్రతివాడూ చేసేది ఒకటే: కొత్త టైరు వెనక్కి, వెనక అరిగింది ముందుకు. బరువుండేది వెనకే కదా అని. ఆ నున్నటి టైరు ముందు చక్రానికి ఎక్కుతుంటే నాకు మనసొప్పలేదు.

"ముందర అదేమిటికి నాయనా? వానలొస్తా ఉండాయి గదా. ఇంకొకటి కొను."

"ముందర బరువేముండాది మ్మా? వచ్చే ఏడు సూస్తాంలే. వెనక టైరు పగిలితే పడేది నువ్వు."

ఆ తర్వాత గాలి. రాయి మాదిరి ఉండాలని రెండు చక్రాలకూ గట్టిగా కొట్టించాడు. ఇద్దరిని మోసే బండికి గాలి గట్టిగా ఉంటే తొక్కడం సులువు. తడి రోడ్డు మీద అంత గాలి చెడ్డదని మాకెవరికీ తెలియదు. మెత్తటి టైరే తడిని పట్టుకుంటుందనీ, గుండీలు మట్టి బాటకే తప్ప తారుకు కాదనీ కూడా తెలియదు. ఇప్పుడు నాకన్నీ తెలుసు. తెలిసి ఏం లాభం?

మార్గశిరంలో ఒక తెల్లవారుజాము. సన్నగా తుంపర. రేణిగుంట ఇంకా కొంత దూరం ఉందనగా లారీలు ఆగే టీ అంగడి ఒకటి ఉంది, అక్కడ రోడ్డు కాస్త మలుపు తిరుగుతుంది. ఆగి ఉన్న లారీ ఒకటి ఉన్నట్టుండి కదిలింది. నాయన హ్యాండిలు కొంచెం తిప్పి బ్రేకు పట్టాడు. అంతే, ముందు చక్రం ఎవరో కిందినుంచి లాగేసినట్టు పక్కకు పోయింది. వెనక చక్రం ఉన్నచోటే ఉంది. నేను క్యారియరు మీదినుంచి జారి మోకాళ్ళ మీద పడ్డాను, చర్మం లేచిందంతే. నాయన కుడిచెయ్యి మీద పడ్డాడు, ఆ చేతి మీద సైకిలు పడింది.

"నీకేమన్నా అయ్యిందా మ్మా?" అన్నాడు నేలమీదినుంచే. అంటూనే లేచి కూర్చున్నాడు. "పా, గేటు మూసేస్తారు."

మణికట్టు కిందికి వేలాడుతోంది. ఆ చేత్తోనే హ్యాండిలు పట్టుకోబోయాడు. నేను అరిచిన అరుపుకు టీ తాగేవాళ్ళంతా పరిగెత్తుకొచ్చారు. అందులో ఒకడు ముందు టైరును కాలితో తిప్పి, "గుండు మాదిరి ఉండాది, దీన్నేసుకోని వానలో వస్తారా ఎవరన్నా?" అన్నాడు. వాణ్ణి కొట్టాలన్నంత కోపం వచ్చింది. వాడు చెప్పింది నిజమే మరి.

ఎముక చాలా ముక్కలైందన్నారు. పిండికట్టు వేశారు, కొన్నాళ్ళకు తీశారు. ఎముక అతుక్కుంది, మణికట్టు తిరగలేదు. బొటనవేలు మిగతా వేళ్ళ దగ్గరికి రాదు. దర్జీకి ఆ వేలు రాకపోతే ఇంకేం మిగిలింది? వేడినీళ్ళ కాపడం పెట్టాను. నువ్వులనూనె మర్దనా చేశాను. పిల్లల రబ్బరు బంతి కొనిచ్చి పిసకమన్నాను. "చలికి బిగుసుకోనుండాది, ఎండలు రానీ," అనేవాడు నాయన. నేను నమ్మాను. నమ్మకపోతే ఊపిరాడదు కాబట్టి నమ్మాను.

అంగడి మాత్రం వదలనివ్వలేదు. అద్దె నా జీతంలోంచి కట్టాను. అమ్మ రెండుసార్లు ఏదో అనబోయింది, నేను విరుచుకుపడ్డాను. ఇచ్చిన గుడ్డలు ఒక్కొక్కరే వెనక్కి తీసుకుపోయారు. ఎండలు వచ్చాయి. ఒక మధ్యాహ్నం నాయన అమ్మ పాత చీర పరిచి కత్తెర పట్టాడు. కత్తెర గుడ్డలో రెండు వేళ్ళ దూరమైనా పోకుండానే జారి కిందపడింది. ఆయన తీయబోలేదు. నేనే తీసి బల్ల మీద పెట్టి, "రేపు సూడు నాయనా," అన్నాను.

ఒక్కసారి మాత్రం మనసులో ఉన్నది బయటికి కక్కేశాను. "కొత్తది ముందర ఏసుంటే నీ చెయ్యి నీకుండేది!"

"ఏసుంటే వెనక జారి నువ్వు పడుందువు."

"వెనక జారితే కాలు కింద పెట్టొచ్చు నాయనా! ముందర జారితే దేవుడు కూడా ఆపలేడు!"

ఎన్ని విధాల చెప్పినా ఒప్పుకోలేదు. కూతుర్ని కాపాడుకున్నాననే ఆయన లెక్క. ఆ ఒక్కటీ లాక్కుంటే ఆయనకు ఇంకేమీ ఉండదని తర్వాత నేనూ ఊరుకున్నాను.

ఇక నన్ను గేటు దగ్గర దించేవాళ్ళు లేరు, నాయన కూడా వద్దనలేకపోయాడు, ఆ సైకిలు నేనే తొక్కడం మొదలుపెట్టాను. మళ్ళీ కార్తీకం దగ్గరపడింది. టైర్లు మార్చాలని రోజూ అనుకుంటాను, అంగడి అద్దె కట్టేసరికి చేతిలో ఏమీ మిగలదు. ఒక ఆదివారం నాయన ఎడమచేత్తో సైకిలు తోసుకుంటూ ఎటో పోయాడు. మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు. రెండు చక్రాలకూ కొత్త టైర్లు. సన్న గీతలవి, మెత్తటివి, మీద రబ్బరు వెంట్రుకలు కూడా ఇంకా రాలలేదు. గాలి కూడా కాస్త తగ్గించే కొట్టించాడు.

"రెండూనా!" అని చిన్నపిల్లలాగా ఎగిరాను. అమ్మ లోపలికి వెళ్ళిపోయింది. అప్పుడు అనుమానం వచ్చింది. "దుడ్లు యాడివి నాయనా?"

"అంగడి ఇడిసిపెట్టేసినా మ్మా. మిషను గూడా ఇచ్చేసినా. కొన్నాయన బాగా కుట్టేవాడే."

"ఎవరు ఇమ్మన్నారు నిన్ను? చెయ్యి బాగవతాంటే!"

"కట్టిప్పిన రోజే తెలిసిపొయింది నాకు," అన్నాడు మెల్లగా. "నువ్వు ఊరుకోవని అన్నాళ్ళూ పెట్టుకోనుంటి."

నేను ఆయన కోసం అంగడి నిలబెట్టాననుకున్నాను. ఆయన నా కోసం నెలల తరబడి బంతి పిసికాడు, కత్తెర పట్టాడు, ఎండలు రానీ అన్నాడు.

మరునాడు తెల్లవారి వాన పట్టుకుంది. టీ అంగడి మలుపు దగ్గర కావాలనే గట్టిగా బ్రేకు పట్టాను. ముందు చక్రం రోడ్డును పట్టుకుని నిలబడింది. ఆ వానలో, లారీల హారన్ల మధ్య, సైకిలు మీదే కూర్చుని ఏడ్చాను.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి నాయన అన్నం ముందు కూర్చుని ఉన్నాడు. కట్టు విప్పినప్పటి నుంచీ కుడిచేతి వేళ్ళ సందున చెంచా ఇరికించుకుని, సగం ఒలకబోసుకుంటూ తినేవాడు. ఎంత కష్టమైనా ఎడమచెయ్యి అన్నంలో పెట్టేవాడు కాదు. ఆ రోజు చెంచా లేదు.

"టైర్లు పట్టుకుంటా ఉండాయా మ్మా?" అన్నాడు.

"పట్టుకుంటా ఉండాయి నాయనా."

తల ఊపి, అమ్మ ముందరా నా ముందరా, ఎడమచేత్తో అన్నం కలుపుకోవడం మొదలుపెట్టాడు.