మనుమరాలి భుజం, నా లెక్క

మా మనుమరాలి భుజం బాగు చేయించింది నేనేనని సిరిసిల్లలో మా గల్లీ అంతా చెప్పుకున్నాను. అబద్ధమేమీ కాదు. జగిత్యాలకు బస్సులో పక్కన కూర్చుని తీసుకెళ్లింది నేనే. కాకపోతే, బాగవుతున్న భుజాన్ని మధ్యలో పాడు చేసిందీ నేనే. ఆ ముక్క గల్లీలో చెప్పలేదు.

నలభై ఏళ్లు సాంచాలు నడిపినవాణ్ని. పవర్‌లూమ్‌ను మేం సాంచా అంటాం. సరిగ్గా చెప్పాలంటే ముప్పై మూడేళ్లు. మిగతా ఏడూ నూలు కండెలు చుట్టాను. ఎన్ని మీటర్ల బట్ట దిగితే అంత కూలి వచ్చే పని అది. సాంచా ఆగితే ఒంటి మీద చీమలు పాకినట్టుండేది. జరిగినదానికి తప్పంతా ఆ అలవాటుదే అని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను.

మనుమరాలు నా బిడ్డ కూతురు. వాళ్లది కోరుట్ల. డిగ్రీ చదువుతూ సెలవు దొరికినప్పుడల్లా మా ఇంటికి వస్తుంది. నా మీద ప్రేమతో వస్తుందంటాను గాని, వచ్చేది మానేరు నీళ్ల కోసం. డ్యాం నీళ్లు మా ఊరి దాకా వచ్చి నిలిచాక, ఒక కోచ్ నాలుగు కయాక్‌లు తెచ్చి పిల్లలకు నేర్పుతున్నాడు. ఒక్కరే కూర్చునే సన్నటి పడవ అది. రెండు కొసలా రెక్కలున్న తెడ్డుతో అటొక పోటు, ఇటొక పోటు వేసుకుంటూ పోవాలి. రాష్ట్ర జట్టు ఎంపిక ఆరు వారాలు ఉందనగా, ఈమె రోజూ వేసే దూరాన్ని ఒక్కసారిగా పెంచింది. కుడి భుజం పట్టేసింది. జడ వేసుకుందామన్నా చెయ్యి లేవలేదు.

"ఫిజియో మేడం కాగితం రాసిస్తెనే పడవ ఇస్త" అన్నాడు కోచ్. కాగితం లేకపోతే ఎంపికకు పోయేది లేదు.

జగిత్యాలలో మేడం చిన్న వయసు మనిషి. చెయ్యి నాలుగు వైపులకూ తిప్పించింది, భుజం వెనక రెక్క ఎముక మీద వేలితో నొక్కి చూసింది. కుర్చీలో కూర్చోబెట్టి, చేతికి కర్ర ఇచ్చి, తెడ్డు ఎట్లా వేస్తావో చూపించమంది.

"నడుము తిప్పుతలేవు, ఉత్త చేత్తోనే గుంజుతున్నవ్. లోపల కండను ఎముకకు పట్టి ఉంచే తాడు ఉంటది, గది వాచింది. తెగలే, భయం లేదు."

నేను ఊరుకోవచ్చు కదా. "నేను గూడ మానేరుల ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు తెప్ప నడిపినోన్నే మేడం. గీ భుజం ఏనాడు గుంజలే" అన్నాను.

"తాతా, గా తెప్పను గట్టుకు తాడుతోని కట్టిండ్రట గదా. అమ్మ జెప్పింది" అంది మనుమరాలు.

మేడం నవ్వు ఆపుకుని రబ్బరు పట్టీ తీసింది. పట్టీని తలుపు గొళ్లేనికి కట్టాలి. మోచేతికీ పక్కటెముకలకూ మధ్య మడిచిన తువ్వాల పెట్టుకోవాలి. తువ్వాల జారకుండా ముంజేతిని మెల్లగా బయటికి లాగాలి, అంతకంటే మెల్లగా వదలాలి. పదిసార్లు చేసి ఆగాలి. అట్లా మూడు వరసలు, రోజు విడిచి రోజు. రెండు వారాలు నీళ్లలోకి దిగొద్దు.

"బాపూ, లెక్క నువ్వు రాయి" అని మేడం నాకొక నోట్‌బుక్కు ఇచ్చింది.

ఇంటికొచ్చాక ఆ పది నాకు మింగుడు పడలేదు. పదిసార్లకు పని ఎక్కడ దిగుతుంది? ఇరవై అయిదు చేయించాను. రోజు విడిచి రోజు అన్నదాన్ని రోజూ చేశాను.

"తాతా, మేడం పదే అన్నది గదా?"

"గది పనిజేయనోళ్లకు. నువ్వెవల మనుమరాలివి?"

ఆ మాటకు ఆమె పట్టీ లాగింది. బుక్కులో మాత్రం నేను పది అనే రాశాను, అదీ రోజు విడిచి రోజు. తక్కువ పనికే భుజం ఇంత తొందరగా బాగైందా అని మేడం నోరు తెరవాలని నా ఆశ. ఉన్నదాన్ని తగ్గించి చెప్పడం నా జన్మలో అదొక్కసారే.

రెండు వారాలకు మళ్లీ పోయాం. కోరుట్ల నుంచి నా బిడ్డ కూడా వచ్చింది. చెయ్యి భుజం ఎత్తు దాటి లేవలేదు. మొదటిసారి కంటే అధ్వాన్నం. మేడం బుక్కంతా తిరగేసింది.

"అన్నీ సరిగ్గనే ఉన్నయ్. అయితే నువ్వు నీళ్లల్ల దిగినవ్."

"దిగలే మేడం."

"దిగకుంటే గింత వాపు రాదు. గిట్ల దాస్తే కాగితం నేనెట్ల ఇయ్యాలె? ఇగ స్కానింగ్ తీపియ్యాలె."

"ఏందే పొల్లా, తాతను గూడ మోసం జేసినవా?" అని బిడ్డ అందుకుంది.

మనుమరాలు నా వైపు ఒకసారి చూసి తల దించుకుంది. నా పేరు చెప్పలేదు. నేను గోడ మీది ఎముకల బొమ్మలో భుజం ఎక్కడుందో చాలాసేపు వెతికాను. అప్పటికే ఆమె కళ్లు తుడుచుకుంటోంది.

"గా బుక్కుల రాసింది అబద్ధం" అన్నాను. "నేనే ఎక్కువ జేపిచ్చిన. రోజుకు నూరు."

"నూరా!"

"డెబ్బయి అయిదు" అన్నాను. ఒప్పుకునేటప్పుడు కూడా నోరు ఊరుకోక నూరు అనేసింది.

"బాపూ, నిజం జెప్పు. నాకు లెక్క కావాలె" అంది మేడం.

"ఇరవై అయిదు, మూడుసార్లు. రోజూ."

మేడం బుక్కులో పది కొట్టేసి ఇరవై అయిదు అని రాసుకుంది. బిడ్డే అంది: "పోగు తెగితే సాంచా బంద్ వెట్టాలని నాకు నేర్పింది నువ్వే గదా బాపూ! పొల్ల భుజం తెగిన పోగు లెక్క అయితే నడిపిచ్చుకుంటనే పోయినవా?"

తెగిన పోగుతో నడిపితే బట్టంతా పాడవుతుందని ఎంతమంది కుర్రవాళ్లను తిట్టానో!

కారణం తెలిశాక మేడం స్కానింగ్ మాట వదిలేసింది. పది రోజులు పట్టీ ముట్టొద్దంది. తర్వాత అయిదుసార్లతో మొదలు. ఆ పైన కుర్చీలో కూర్చుని నడుము తిప్పుతూ కర్రతో తెడ్డు పని. కాగితం వచ్చేసరికి ఎంపిక అయిపోయి తొమ్మిది రోజులైంది. మళ్లీ వచ్చే ఏడాదే. ఆ ఏడాది నా ఖాతాలోదే. ఆమె ఒక్కసారి కూడా ఎత్తిపొడవలేదు. తిడితే బాగుండేది.

ఇప్పుడు లెక్క ఆమెదే. నా పని తువ్వాల మడిచి ఇవ్వడం. కాగితం వచ్చాక మొన్న మొదటిసారి పడవ ఎక్కింది. మేడం అయిదు నిమిషాలంది. నేను గట్టు మీద ఫోన్‌లో టైం చూస్తూ నిలబడ్డాను. నీళ్లు కదలకుండా ఉన్నాయి, ఆమె నడుము తిప్పుతూ పోతోంది. ఇంకో రెండు నిమిషాలు పోతే ఏమవుతుందని నోటి దాకా వచ్చింది. అయిదు కాగానే చెయ్యి ఊపి ఒడ్డుకు పిలిచాను.

గల్లీలో మాత్రం అరగంట అని చెప్పాను.