సెంటీమీటరు మేస్త్రి గీసిన గీత

తివాచీలు పరిచే ఆ మేస్త్రిని అందరూ సెంటీమీటరు అనేవాళ్లు. మూలలో అంత తేడా కనిపించినా సరే, పరిచిందంతా పీకి మళ్లీ మొదలుపెట్టే మనిషి. ముప్పై ఏళ్లుగా హోటళ్లకు, ఆఫీసులకు పరిచాడు. పేటలోని మసీదుకు కొత్త తివాచీ అనగానే అడిగి మరీ ఆ పని తీసుకున్నాడు. ఆ మసీదు కట్టింది వాళ్ల నాన్నే.

పాత తివాచీ ఎత్తిన పూటే గొడవ మొదలైంది. మేస్త్రి మేనల్లుడు ఇంజినీరు. ఫోనులో దిక్సూచి చూసి, "మామా, ఈ ముందు గోడ కాబా వైపు లేదు. ముప్పై డిగ్రీలు పక్కకుంది" అన్నాడు. నమాజుకు నిలబడాల్సింది మక్కాలోని కాబా వైపు. వరుసల గీతలేమో ఇన్నాళ్లూ ఆ గోడను పట్టుకునే సాగాయి.

కమిటీ పెద్దాయనకు ఒళ్లు మండింది. "నలభై ఏళ్లుగా మేం చేసిన నమాజులు ఏమైనట్టురా? పెద్దల దారి వదిలేసి ఫోను చెప్పినట్టు తిరగాలా?"

"పెద్దలు చెప్పారని కళ్లు మూసుకోమని మతం చెప్పలేదు తాతా. తెలుసుకోమంది."

"నువ్వు పుట్టాకే మతం పుట్టినట్టు మాట్లాడకు!"

మేనల్లుడి జట్టు వేరే చోట నమాజు చేసుకుంటామంది. ఇక గీత గీయాల్సింది మేస్త్రి. గోడ వెంట గీస్తే కళ్లు మూసుకున్నట్టు. ఏటవాలుగా గీస్తే నాన్న తప్పు రోజుకు ఐదుసార్లు అందరి కాళ్ల కిందా కనిపిస్తుంది.

మేస్త్రి ఆ ఫోను తీసుకుని ఒక స్తంభం దగ్గర పెట్టాడు. ముల్లు గిర్రున తిరిగింది. పక్క స్తంభం దగ్గర ఇంకో దిక్కు చూపించింది.

"లోపల ఇనుప కడ్డీలు అల్లుడూ. నీ ఫోను స్తంభానికో మాట చెబుతోంది." పెద్దాయన నవ్వబోయాడు. "మీరూ నవ్వకండి బాబాయ్. గోడ చెప్పిందీ సాక్ష్యం కాదు."

ఏడాదిలో రెండు రోజులు సూర్యుడు ఒక్క నిమిషం సరిగ్గా కాబా నెత్తిన నిలుస్తాడు. ఆ నిమిషాన మన ముంగిట ఎండ ఉంటే చాలు, నీడను వీపు వెనక ఉంచుకుని సూర్యుడి వైపు తిరిగితే అదే దిక్కు. అందులో ఒక రోజుకు ఇంకా అయిదు రోజులున్నాయి. మేస్త్రి పని ఆపేశాడు.

ఇంట్లో అమ్మకు చెబితే ఆవిడ తడుముకోలేదు. "మీ నాన్న వీధి వరసను చూసి గోడ లేపాడురా. ఇమామును అడగమని అప్పుడే అన్నాను. నా మాట విన్నదెవరు?"

అయిదో రోజు ఆ నిమిషానికి మేస్త్రి మసీదు డాబా మీద గుండు కట్టిన దారం వేలాడదీశాడు. నీడకూ పక్క పిట్టగోడకూ మధ్య కోణం అందరి ముందూ కొలిచాడు. తేడా పద్నాలుగు డిగ్రీలు. మేనల్లుడు ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"తెలియక చేసిన నమాజులు ఎక్కడికీ పోలేదు" అన్నాడు పక్కనే నిలబడి చూసిన ఇమాం. "తెలిశాక కూడా కదలకపోతే మాత్రం జవాబు చెప్పుకోవాలి."

మేస్త్రి కిందికి దిగి, నీలం పూసిన దారం హాలుకు అడ్డంగా బిగించి లాగి వదిలాడు. గీత గోడను ఎక్కిరిస్తున్నట్టు ఏటవాలుగా పడింది.

"వచ్చిన ప్రతివాడూ ఇదేంటని అడుగుతాడురా" అన్నాడు పెద్దాయన.

"మా నాన్న కట్టాడు, నేను తిప్పాను అని చెప్పండి. గోడ నిలువులో వెంట్రుకవాసి తేడా ఉంటే చూపించమనండి."

సాయంత్రం కొత్త తివాచీ మీద వరుసలు కట్టారు. పెద్దాయన అలవాటుకొద్దీ గోడకేసి నిలబడ్డాడు. భుజం పోయి మేనల్లుడికి గుద్దుకుంది. పెద్దాయన గీత చూసుకుని, ఏదో గొణుక్కుంటూ, ముందు కుడికాలు, తర్వాత ఎడమకాలు తిప్పుకున్నాడు.