పోరడు బతికే నవల

యుద్ధకాలపు యూరప్ మీద మంచి నవలలు చెప్పమని ఎవరైనా అడిగితే ఇప్పటికీ నేను ముందు ఒక్కటే చూసుకుంటాను: అందులో పోరడు చివరికి బతుకుతాడా, లేదా? చరిత్ర, శైలి, అనువాదం, అవన్నీ ఆ తర్వాతే. నవ్వేవాళ్లు నవ్వుతారు. నవ్వనీ.

తెలంగాణ కొట్లాట బాగా ముదిరిన రోజులు. నాన్న పోయాక నల్గొండ దిక్కు ఊరు వదిలి వచ్చి కొత్తపేటలో ఒక చిన్న పోర్షన్‌లో కిరాయికి ఉంటున్నాం, అమ్మ, నేను, తమ్ముడు. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ప్రైవేటు బడి పంతులమ్మను. తమ్ముడు చదువుకని యూనివర్సిటీ హాస్టల్లో ఉంటూ సెలవులకు ఇంటికి వచ్చేవాడు. వాడి రూమ్మేటు తెలంగాణ కోసమని ప్రాణం తీసుకున్నాడు. మా ఇంటికి వచ్చి అమ్మ చేతి సర్వపిండి అడిగి మరీ తినిపోయే పిల్లవాడు. అంత్యక్రియలకు పోయిన తమ్ముడు హాస్టల్ ఖాళీ చేసి, పెట్టె పట్టుకుని నేరుగా ఇంటికి వచ్చాడు. ఇక మాటా లేదు, పలుకూ లేదు. గోడవైపు తిరిగి పడుకుని చదవడమే.

చదివేవన్నీ యుద్ధం నవలలే. పరాయి సైన్యం పట్టుకున్న ఊళ్లు, అడవుల్లో దాక్కున్న పోరగాళ్లు, మంచు, రొట్టె కోసం క్యూలు. "గిది మన కథే అక్కా" అన్నాడు ఒకసారి. వాడు స్నానానికి పోయినప్పుడు ఆ పుస్తకం తీసి చూశాను. చివర్లో ఆ పోరడు తుపాకులకు ఎదురుపోయి చచ్చిపోతాడు. ఊరంతా వాడి మీద పాట కట్టుకుంటుంది. అమ్మకు చెప్పలేదు. చెప్తే ఆ మనిషి అన్నం మానేస్తుంది.

ఆ పుస్తకాలు పై అంతస్తులో ఉండే ఓనర్ ఆంటీవి. గుంటూరు మనిషి, రిటైరైన లెక్చరర్. ఉద్యమం లొల్లిలో ఆమే మావాడూ మెట్ల మీద ఎదురుపడితే మొహాలు తిప్పుకునేవాళ్లు, అందుకని పుస్తకాలు నా చేతి మీదుగా నడిచేవి. మర్నాడు పైకి పోయి సిగ్గు విడిచి అడిగాను.

"ఆంటీ, జర పోరడు బతికే నవల ఉంటే ఇయ్యండి."

"యుద్ధం నవలల్లో ఎవరూ చావకుండా ఎలాగమ్మాయ్?" అని నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయింది. "మీ తమ్ముడి కోసమా? అన్నీ నాకెక్కడ గుర్తుంటాయే. నువ్వే చూసుకో."

అప్పటినుంచి బీరువా ముందు నిలబడి చివరి పేజీలు చదవడమే నా పని. పోరడు రైలు దిగి ఇల్లు చేరితే కిందికి తెచ్చేదాన్ని. చస్తే మళ్లీ బీరువాలోకే. ఎన్ని తీసి చూసినా చావులే! వీళ్లకు పిల్లల్లేరా, వీళ్ల చేతులు పడిపోను అని ఆ రచయితలను నోరారా తిట్టాను.

ఒక బంద్ రోజు, తమ్ముడు చదివేసిన నవల తిరిగి ఇవ్వడానికి పైకి పోయాను. ఆంటీ అట్ట చూసి కంగారుపడింది.

"అయ్యో, ఇదెందుకిచ్చావే తల్లీ! ఇందులో కుర్రాడు సగంలోనే పోతాడుగా!"

"లేదాంటీ. ఆఖరి పేజీల పోరడు తోటల ఆడుకుంటుండు. నేను చూసిన."

"అది వాళ్లమ్మ తలుచుకోవడం, అమ్మాయ్."

కిందికి ఎట్లా దిగానో నాకు తెలియదు. పక్క ఖాళీ. ఫోన్ దిండు కింద ఉంది. చెప్పులు లేవు. అమ్మ బకెట్ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. "బట్టలారేసెతందుకు పోయిన, గింతలనే..." అంది.

గల్లీలోంచి మెయిన్ రోడ్డెక్కి ఎల్బీ నగర్ చౌరస్తా దాకా ఉరికాను. బస్సుల్లేవు. నినాదాలు, పోలీసులు, కాలుతున్న టైర్లు. ఎక్కడ పొగ కనిపించినా ప్రాణం పోయి వచ్చింది. "సార్, ఇక్కడ ఎవరన్నా పిల్లగాడు..." అని ఒక పోలీసును అడగబోయి, అడగలేకపోయాను. ఆ రోడ్డు మీద నేను మొక్కని దేవుడు లేడు.

ఏడ్చుకుంటూ ఇంటికొస్తే వాడు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. చెంప పగలగొట్టాను.

"ఏడ చచ్చినవ్‌రా?"

"తెల్వదు. నడిచిన. మళ్లొచ్చిన." చెంప తడుముకోలేదు. "నువ్వు ఎందుకు ఏరి ఏరి తెస్తున్నవో నాకెరకే అక్కా. అండ్ల బతికినోళ్లు ఇంటికొస్తరు. గంతే, కత ఒడుస్తది. దోస్తు సచ్చినంక బతికినోడు తెల్లారి ఎట్ల లేచిండో ఒక్కదాంట్ల గూడ రాయలే."

పంతులమ్మను, దేనికైనా నా దగ్గర జవాబు ఉంటుంది. వాడి పక్కన మెట్టు మీద కూర్చున్నాను.

"నాకు తెల్వదు తమ్మీ. నాకేం తెల్వదు. నువ్వు మాత్రం సావకురా. నీ కాళ్లు మొక్కుతా, సావకు."

అన్ని రోజులుగా అదొక్క మాట అనలేకే పుస్తకాలు మోశాను. వాడు నా భుజం మీద పడి, హాస్టల్ నుంచి వచ్చాక మొదటిసారి, వెక్కి వెక్కి ఏడ్చాడు. తల ఎత్తి చూస్తే గుమ్మంలో అమ్మ. అంతా విన్నది. కూలబడినట్టు వాడి పక్కన కూర్చుని వాడి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నువ్వొచ్చిన దినం సంది తలుపుకు అడ్డంగ పండుకుంటున్న. ఉక్కపోతకని మీకు చెప్పిన గని, ఉక్కపోతకు గాదు బిడ్డా."