సన్న కడ్డీ, సవరం మాట

మూడు మందాల కర్లింగ్ వాండ్లు ఒకే ధరకు బల్ల మీద పెడితే, నేను అన్నిటికన్నా సన్నదాన్ని ఎంచుకున్నాను. ఆ రోజు గద్వాలలో అంతటి బేరం ఇంకెవరూ చేసి ఉండరు.

మాది నూలు, చీరల అంగడి. నూలు పోగు సన్నబడేకొద్దీ ధర పైకి పోతుంది. గల్లాపెట్టె పక్కన కూర్చుని పెరిగిన నాకు సన్నదంటే ఖరీదైనది, లావుదంటే నాసిరకం. జుట్టు చుట్టే కడ్డీల్లో సన్నదాన్నీ లావుదాన్నీ ఒకే రేటుకు ఇస్తున్నాడంటే, అతనికి సరుకు తెలియదన్న మాట. తెలియనివాళ్లకు తెలియజెప్పే అలవాటు మా ఇంట్లో లేదు.

కడ్డీ నాకోసం కాదు. వనపర్తిలో ఉంటున్న మా తమ్ముడి కూతురికి నిశ్చితార్థం. ఆ పిల్ల జుట్టు నడుము దాటుతుంది, పిడికిలికి పట్టదు. పెళ్లిచూపులకు నాగర్‌కర్నూల్ నుంచి వచ్చిన పిల్లవాడి పెద్దమ్మ ఆ జడను చూసి, అందరికీ వినపడేటట్టే, "సవరం మంచిగ కుదిరింది" అంది. పెట్టుడు జుట్టని ఆమె ఉద్దేశం. ఆ మాటకు పిల్ల నిశ్చితార్థానికి జడ వేసుకోనని, జుట్టంతా వదిలి, కొసలు అలలుగా తిప్పించుకొని ఆ పెద్దమ్మ ఎదురుగా కూర్చుంటానని పట్టుబట్టింది.

వనపర్తిలో పార్లర్ ఆమె పదిహేను వందలు అడిగింది. నేను ఏడు వందలన్నాను, చెప్పులేసుకొని మెట్లు దిగాను. మెట్లు దిగేవాళ్లను వెనక్కి పిలవడం వ్యాపారంలో మర్యాద. ఆమె పిలవలేదు. నాకు నేనుగా వెనక్కి తిరగడం అంతకన్నా అమర్యాద కనుక, అట్లాగే గద్వాల బస్సెక్కాను.

గద్వాలలో ఫ్యాన్సీ అంగడి అతను, పాపం, చెప్పి చూశాడు.

"ఎవరికక్కా, మీకేనా?"

"నాకైతే చుట్టనీకి ఏమున్నది? మా కోడలికి. నడుం దాట్తది, మస్తు దట్టం."

"అయితే లావుది తీస్కోండి. పొడుగు జుట్టుకు గదే మంచిగుంటది."

లావుది అమ్ముడుపోక మిగిలిందని నాకు వెంటనే అర్థమైంది. సన్నదే ఇమ్మన్నాను. డబ్బా తెరిస్తే కడ్డీ పక్కన చేతి తొడుగు ఒక్కటే ఉంది.

"రెండోదేది?"

"ఒక్కటే వస్తదక్కా. చుట్టే చెయ్యి కాలకుండ."

"ఒంటి చెప్పు అమ్ముతవా నువ్వు? జోడి లేని సామానుకు నిండు పైసలా?"

పన్నెండు వందలది పదకొండు వందలకు దిగాడు. నా వెనక నిలబడ్డ ఆమె నన్ను మెచ్చుకోలుగా చూసింది. ఆ చూపు నన్ను వనపర్తి దాకా మోసింది.

నిశ్చితార్థం రోజు పొద్దున పిల్లను కుర్చీలో కూర్చోబెట్టి మొదలుపెట్టాను. ఆ సన్న కడ్డీకి ఒకసారి పట్టేది పుల్లంత పాయ. లావు పాయ చుడితే పైపైనే వేడెక్కి లోపల జుట్టు జుట్టులాగే ఉంటోంది. తొడుగు లేని చేతి వేలు రెండుసార్లు కాలింది. మూడు గంటలు పట్టింది. పని మీద ధ్యాసలో మొత్తాన్ని చూడలేదు. చివరి పాయ వదిలాక పిల్ల అద్దం అందుకుంది.

"అత్తా, నా జుట్టేది?"

"ఈడనే ఉన్నది గదనే. యాడికి పోతది?"

మా మరదలు గుమ్మంలోనే ఆగిపోయింది. "గొర్రెపిల్ల లెక్క చేసినవు గద వదినె!"

నడుము దాటే జుట్టు స్ప్రింగులు స్ప్రింగులుగా ఎగబాకి భుజాల మీద ఆగింది. నూలు బట్ట ఉతికితే గుంజుకుంటుంది, నాలుగు వేళ్లు ఎక్కువ తీసుకోండని అంగడికి వచ్చిన ప్రతి మనిషికీ చెప్పే నోరు నాది. చుట్టిన జుట్టు కూడా గుంజుకుంటుందని, చుట్టు ఎంత చిన్నదైతే అంత పైకి పోతుందని మాత్రం తట్టలేదు. సవరం ఊడదీసిన తల ఎట్లా ఉంటుందో సరిగ్గా అట్లా తయారుచేసి పెట్టాను. దువ్వెన పెడితే ఇంకా ఉబ్బింది.

తమ్ముడు ఫోను పట్టుకొని వచ్చాడు. "పిల్లవాడోళ్లు బిజినేపల్లి దాటిన్రంట. అయిందా?"

"గీ తలతోని నేను ఆమె ముందర కూసోను" అని పిల్ల లేచి, పెరట్లో నల్లా కింద తల పెట్టింది. దట్టమైన జుట్టు తడవడానికే చాలాసేపు పట్టింది. రింగులు ఒక్కొక్కటే విడిపోతుంటే కొసలు బట్టలుతికే బండ మీదికి జారాయి.

అప్పుడే బండి ఆగింది. కాళ్లు కడుక్కోవడానికి అందరికన్నా ముందు పెరట్లోకి వచ్చింది ఆ పెద్దమ్మే.

"ఇదేంది, ఇంకా తానాలే కాలేదా?"

నేను తీగ మీది తువ్వాలు అందుకున్నాను. పిల్ల తల ఎత్తకుండానే అంది: "అత్తమ్మా, జర ఆ కొసలు పట్టి పిండరా? నాకు అందుత లేవు."

ఆమె వంగి రెండు చేతులా పట్టుకొని పిండింది. పిండుతూ ఒకసారి గట్టిగా గుంజింది. నూలు కొనడానికి వచ్చినవాళ్లు పోగును ఇట్లాగే గుంజి చూస్తారు.

"మెల్లగ అత్తమ్మా. మొదలు గూడ నాదే."

పెద్దమ్మ పట్టు సడలించింది. "తెలుస్తనే ఉన్నది తియ్యి" అని మళ్లీ పిండింది. తర్వాత గొంతు తగ్గించి, "తలకు ఏం నూనె పెడ్తవు బిడ్డా?" అని అడిగింది.

తడి జడతోనే పిల్ల పీట మీద కూర్చుంది. కట్టుకున్న గద్వాల చీర పట్టు కొంగంతా తడిసి మరక పడింది. ఫొటోలో మా మరదలు నవ్వుతోంది, నేను తువ్వాలు పట్టుకొని ఉన్నాను. పెళ్లి రిసెప్షన్‌కు లావు కడ్డీ ఒకటి పిల్లే తెచ్చుకుంది, నన్ను అడగలేదు. దాంతో అలలు వచ్చాయి, పొడవూ నిలిచింది.

సన్నదాన్ని వాపసు ఇవ్వబోతే, "వాడినయి తీస్కోమక్కా" అన్నాడు అంగడి అతను. పెద్దమ్మ నోరు మూతపడటాన్ని జమ కింద వేసుకుందామనుకున్నాను గానీ, అది పిల్ల చేసుకున్న బేరం. నాది ఇంతే: కడ్డీ పదకొండు వందలు, చీర డ్రై వాష్ మూడు వందల యాభై, కాలిన వేలికి మందు తొంభై. పార్లర్ ఆమె అడిగింది పదిహేను వందలు. నాకు పడింది పదిహేను వందల నలభై, మూడు గంటల కూలి వేయకుండా.